ఎన్నేళ్ల లెక్క అది? నీళ్ల రికార్డు చదివిన అంబేద్కర్

1901 వేసవి సెలవులు. సతారాలో ఉంటున్న కొందరు పిల్లలు కొత్త చొక్కాలు, పట్టు అంచు పంచెలు, మెరిసే టోపీలతో రైలెక్కారు. గోరేగావ్‌లో ఉద్యోగం చేస్తున్న నాన్న దగ్గరికి ప్రయాణం. ఆ పిల్లల్లో ఒకరు భీమ్‌రావు. మసూర్ స్టేషన్‌లో దిగితే తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. వాళ్లు రాసిన ఉత్తరం తండ్రికి అందలేదు. పిల్లలు మహర్లని తెలియగానే స్టేషన్ మాస్టర్ ముఖం మారిపోయింది. బండివాళ్లెవరూ ఎక్కించుకోమన్నారు. చివరికి రెట్టింపు కిరాయికి ఒకతను ఒప్పుకున్నాడు. అదీ పిల్లలే బండి తోలుకోవాలి, తను పక్కన నడుస్తాడు. మూటలో తిండి ఉంది, తాగడానికి నీళ్లు లేవు. దారిలో తగిలిన వాగు పేడతో, మూత్రంతో నిండి ఉంది. రాత్రి టోల్ గేటు దగ్గర అడిగినా ఎవరూ నీళ్లు పోయలేదు. నీళ్లు లేక తిండి కూడా తినలేక పిల్లలు ఆ రాత్రి గడిపారు.

ఈ సంఘటన మనలో చాలామందికి తెలిసిందే. అంబేద్కర్ స్వయంగా ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో రాశారు. అందులో ఒక చిన్న వివరాన్ని మాత్రం మనం చదివి దాటేస్తుంటాం. తండ్రి రామ్‌జీ సక్పాల్ గోరేగావ్‌లో ఏం పని చేస్తున్నారు? చెరువు తవ్వకంలో క్యాషియర్‌గా ఉన్నారు. కరువుతో వేలాదిగా చనిపోతున్న జనానికి పని కల్పించడానికి బొంబాయి ప్రభుత్వం ఖటావ్ తాలూకాలో ఆ చెరువు తవ్విస్తోంది.

1899లో దేశంలో నైరుతి రుతుపవనాలు ఘోరంగా విఫలమయ్యాయి. 1871 నుంచి ఉన్న దేశవ్యాప్త వర్షపాత లెక్కల్లో 1877, 1899 అత్యంత లోటు సంవత్సరాల్లో ఉన్నాయి. ప్రభుత్వం దగ్గర ఆ వానల లెక్క ఉంది. ఎంతమందికి కరువు పని ఇచ్చారో ఆ లెక్కా ఉంది. చెరువు తవ్వే చోటికి వెళ్తూ ఆ పని క్యాషియర్ పిల్లలే దాహంతో అల్లాడారన్న విషయం మాత్రం ఏ రికార్డులోనూ లేదు. ఆ పిల్లల్లో ఒకరు పెద్దయ్యాక రాయబట్టి మనకు తెలిసింది.

నా పరిశోధన నీటి వనరుల నమూనాల మీద. ఒక నదిలో ఎంత నీరు వస్తుంది, ఎంత పెద్ద వరద రావచ్చు, ఎన్నాళ్లు ఎండవచ్చు అని అంచనా వేయడానికి గడచిన వాతావరణ రికార్డు ఎంత పొడవుది కావాలి అన్నది అందులో పెద్ద ప్రశ్న. ఆ ప్రశ్నతో అంబేద్కర్ జీవితాన్ని మళ్లీ చదివాను. రాజ్యాంగ నిర్మాతగా, కుల నిర్మూలన సిద్ధాంతకర్తగా ఆయన మనకు బాగా తెలుసు. ఈ దేశపు నదుల ప్రణాళికకు తొలి పునాదులు వేసిన వాళ్లలో ఆయన ఒకరని నీటిపారుదల పాఠాల్లో పెద్దగా కనబడదు.

పాత లెక్కల దగ్గరికి వెళ్లే అలవాటు

1891 ఏప్రిల్ 14న మౌలో పుట్టిన అంబేద్కర్ 1913లో కొలంబియా విశ్వవిద్యాలయానికి, ఆ తర్వాత లండన్‌కు వెళ్లి అర్థశాస్త్రం చదివారు. ఆయన పరిశోధనల్లో ఒక పద్ధతి కనిపిస్తుంది. నేటి సమస్యకు నేటి అంకెలతోనే జవాబు చెప్పరు. బ్రిటిష్ ఇండియాలో రాష్ట్రాల ఆర్థిక వ్యవస్థ గురించి రాస్తే 1833 నుంచి మొదలుపెట్టారు. రూపాయి సమస్య మీద 1923లో వచ్చిన గ్రంథంలో 1800 దాకా వెనక్కి వెళ్లారు. పాత ప్రభుత్వ నివేదికలు, పద్దులు ఓపికగా తిరగేసి, ఇప్పుడు సహజంగా కనబడుతున్న ఏర్పాటు ఎప్పుడు, ఎవరి అవసరం కోసం వచ్చిందో బయటపెట్టడం ఆయన పని తీరు.

1918లో చిన్న కమతాల మీద రాసిన వ్యాసంలోనూ అంతే. భూమి ముక్కలైపోవడమే వ్యవసాయ దుస్థితికి కారణమని అప్పటి నిపుణులు చెబుతుంటే, అసలు లోపం పెట్టుబడి, పరికరాలు చాలకపోవడంలో, వ్యవసాయం మీద ఆధారపడిన జనం ఎక్కువ కావడంలో ఉందని ఆయన వాదించారు. పొలాల పరిశ్రమకు పరిష్కారం పారిశ్రామికీకరణలో వెతికారు. పాతికేళ్ల తర్వాత నదుల నుంచి విద్యుత్ తీయాలని ఆయన పట్టుబట్టడానికి మూలం ఇక్కడే ఉంది.

చవదార్ చెరువు: ఆచారం వయసెంత?

1923 ఆగస్టులో బొంబాయి శాసనమండలి ప్రభుత్వ నిధులతో నడిచే చెరువులు, బావులు అంటరానివారికి తెరవాలని తీర్మానించింది. మహాడ్ మునిసిపాలిటీ 1924లో తమ చవదార్ చెరువును అందరికీ తెరుస్తున్నట్టు ప్రకటించింది. కాగితం మీద హక్కు వచ్చింది, చెరువు గట్టు మీద రాలేదు. 1927 మార్చి 20న అంబేద్కర్ వేలాది మందితో ఊరేగింపుగా వెళ్లి ఆ నీళ్లు తాగారు. తర్వాత జనం మీద దాడులు జరిగాయి. సవర్ణులు 108 కుండల పంచగవ్యంతో చెరువును శుద్ధి చేసుకున్నారు. మునిసిపాలిటీ తన తీర్మానాన్ని వెనక్కి తీసుకుంది. డిసెంబర్‌లో రెండో సదస్సు జరిగే ముందు సవర్ణులు కోర్టుకెక్కారు. ఆ సదస్సులోనే డిసెంబర్ 25న మనుస్మృతి దహనం జరిగింది.

ఉద్యమ చరిత్రలో ఈ తేదీలు మనకు కంఠస్థం. కోర్టు కేసు మాత్రం తక్కువగా చదువుతాం. ఆ కేసు దాదాపు పదేళ్లు నడిచింది. అనాదిగా ఆ చెరువు నీళ్లు అంటరానివాళ్లు వాడలేదు, అది ఆచారం, ఆచారం చట్టంతో సమానం అన్నది సవర్ణుల వాదన. అంటే అది కూడా ఒక రికార్డు గురించిన వాదనే. తమ దగ్గర అనాది కాలపు రికార్డు ఉన్నట్టు వాళ్లు మాట్లాడారు.

కింది కోర్టు 1931లో అంబేద్కర్ పక్షాన తీర్పిచ్చింది. కేసు అప్పీళ్లు దాటి బొంబాయి హైకోర్టుకు చేరింది. 1937 మార్చి 17న జస్టిస్ బ్రూమ్‌ఫీల్డ్ ఉన్న ధర్మాసనం సవర్ణుల అప్పీలును కొట్టేసింది. సాక్షులకు గుర్తున్నంత కాలం అంటరానివాళ్లు ఆ నీళ్లు వాడలేదన్నది నిలబడుతుంది గానీ, అనాదిగా అలాగే ఉందనడానికి ఆధారం లేదన్నది తీర్పు సారం. చెరువు మునిసిపాలిటీ ఆస్తి. ఒకటి రెండు తరాల జ్ఞాపకాన్ని అనాది అని చెలామణీ చేయడం కోర్టులో చెల్లలేదు.

ఈ వాదన ఒక్కసారి మనసులో పెట్టుకోండి. ఎనిమిదేళ్ల తర్వాత నదుల దగ్గర ఇదే ప్రశ్న మరో రూపంలో ఎదురైంది.

లేబర్ మెంబర్ టేబుల్ మీద దామోదర్

1942 జూలైలో అంబేద్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో లేబర్ మెంబర్ అయ్యారు. కార్మిక చట్టాలతో పాటు నీటిపారుదల, విద్యుత్ కూడా ఆ శాఖ కిందికే వచ్చేవి. ఏడాది తిరిగేసరికి దామోదర్ నది కట్ట తెంచుకుంది.

దామోదర్ ఛోటా నాగ్‌పూర్ పీఠభూమిలో పుట్టి బెంగాల్ మైదానం గుండా హుగ్లీలో కలుస్తుంది. పైన రాతి నేల, నిటారు వాలు. వాన పడితే నీరు ఒక్కసారిగా కిందికి దూకుతుంది. 1913లో, 1935లో అక్కడ పెద్ద వరదలు వచ్చాయి. గరిష్ఠ ప్రవాహం సుమారు 6.5 లక్షల క్యూసెక్కులుగా నమోదైంది. 1943 జూలై వరద అంత పెద్దది కాదు. అయినా ఎడమ కరకట్ట తెగింది. కలకత్తాను ఉత్తర భారతంతో కలిపే రైలు మార్గం, గ్రాండ్ ట్రంక్ రోడ్డు నెలల తరబడి దెబ్బతిన్నాయి. అప్పుడు యుద్ధం నడుస్తోంది, బెంగాల్‌లో కరువు లక్షల ప్రాణాలు తీస్తోంది. బెంగాల్ ప్రభుత్వం బర్ద్వాన్ మహారాజా అధ్యక్షతన విచారణ కమిటీ వేసింది. భౌతిక శాస్త్రవేత్త మేఘనాద్ సాహా అందులో సభ్యులు. సాహా కూడా వెనుకబడిన కులంలో పుట్టి, హాస్టల్‌లో కుల వివక్ష ఎదుర్కొని పైకొచ్చినవారే. అమెరికాలో 1933లో ఏర్పడిన టెనెస్సీ వ్యాలీ అథారిటీ లాంటి సంస్థ దామోదర్‌కు కావాలని కమిటీ 1944లో సూచించింది.

అప్పటిదాకా వరదకు ఇంజినీర్లు ఎక్కువగా చెప్పే జవాబు కట్ట ఎత్తు పెంచడం. అంబేద్కర్ శాఖ దారి మార్చింది. 1944లో కేంద్ర సాంకేతిక విద్యుత్ బోర్డు, 1945లో కేంద్ర జలమార్గాలు, నీటిపారుదల, నౌకాయాన కమిషన్ ఏర్పాటయ్యాయి. ఈ రెండో సంస్థే తర్వాత నేటి కేంద్ర జల సంఘంగా మారింది. దానికి అప్పగించిన మొదటి పని నదుల గురించి నిజాలు సేకరించడం. ప్రణాళిక, రాష్ట్రాల మధ్య సమన్వయం దాని తర్వాతే. టెనెస్సీలో పనిచేసిన ఇంజినీరు వూర్డుయిన్‌ను పిలిపించారు. ఆయన 1945 ఆగస్టులో దామోదర్ మీద ప్రాథమిక నివేదిక ఇచ్చారు.

ఆ నివేదికలో అసలు సంగతి ఒక అంకెలో ఉంది. అప్పటిదాకా కొలిచిన గరిష్ఠ వరద 6.5 లక్షల క్యూసెక్కులు. ప్రణాళిక మాత్రం 10 లక్షల క్యూసెక్కుల వరదకు వేశారు. కొన్ని దశాబ్దాల కొలతల్లో కనబడినదే నది చేయగల గరిష్ఠం అనుకోకూడదు, నది జ్ఞాపకం మన రికార్డు కంటే పొడవైనది అన్న ఎరుక ఆ అంకెలో ఉంది. ఎనిమిది ఆనకట్టలతో ఆ వరదను కింద 2.5 లక్షల క్యూసెక్కులకు తగ్గించాలన్నది లక్ష్యం. 1945 జనవరి 3న కలకత్తాలో, మళ్లీ ఆగస్టులో, 1946 ఏప్రిల్‌లో అంబేద్కర్ శాఖ బెంగాల్, బిహార్ ప్రతినిధులను ఒక చోట కూర్చోబెట్టింది. 1935 చట్టం ప్రకారం నీరు రాష్ట్రాల విషయం. ఆనకట్టలు కట్టాల్సింది బిహార్‌లో, వరద తగ్గేది బెంగాల్‌లో. ఇద్దరినీ ఒప్పించి, వరద నివారణ, సాగునీరు, విద్యుత్, నౌకాయానం ఒకే ప్రణాళికలోకి తీసుకురావడం ఆయన చేసిన రాజకీయ పని.

ఒడిశా: అరవై ఏళ్ల లెక్క చెప్పిన మాట

1945 నవంబర్ 8న కటక్‌లో మహానది మీద సమావేశం జరిగింది. ఒడిశా గాయం పాతది. 1866 నాటి ‘నఅంక’ కరువులో అక్కడి జనాభాలో మూడో వంతు దాకా చనిపోయారు. అదే నేల మీద ఏటా వరదలు. వాటి మీద కమిటీల తర్వాత కమిటీలు వేశారు. ఆ పాత నివేదికలన్నిటినీ అంబేద్కర్ సమావేశంలో ఏకరువు పెట్టి, వాటి మూల దోషం ఎత్తిచూపారు. ఎక్కువ నీళ్లు రావడమే కీడని, ఆ నీళ్లను ఎంత తొందరగా సముద్రంలోకి పంపితే అంత మేలని అవన్నీ అనుకున్నాయి. కట్టలతో నదిని తరమడం మాని, నీళ్లను పట్టి నిలిపి వాడుకోవాలని ఆయన వాదించారు.

ఈ వాదనకు ముందే ఒక గట్టి ఆధారం తయారై ఉంది. 1926లో బ్రాహ్మణి నదికి వరదలొస్తే నది అడుగు పూడి ఎత్తు పెరిగిందని, కాబట్టి కట్టలు ఎత్తు చేయాలని ఇంజినీర్లు అనుకున్నారు. గణాంక శాస్త్రవేత్త ప్రశాంత చంద్ర మహలనోబిస్ సుమారు అరవై ఏళ్ల వర్షపాతం, నదీమట్టాల లెక్కలు విశ్లేషించారు. నది అడుగు లేవలేదు, పై పరీవాహక ప్రాంతంలో పడిన అసాధారణ వర్షమే కారణమని తేలింది. అంతకుముందు 1922 నాటి ఉత్తర బెంగాల్ వరదల మీద కూడా ఆయన యాభై ఏళ్ల లెక్కలు చూసి, నిపుణులు ప్రతిపాదించిన ఖరీదైన జలాశయాల వల్ల ఉపయోగం లేదని, నీరు త్వరగా పారే దారులు కావాలని తేల్చారు. చూడండి, పద్ధతి ఒకటే, జవాబులు వేరు. ఒక చోట నీరు నిలపాలి, మరో చోట వదలాలి. ఏది సరైనదో చెప్పింది పొడవైన రికార్డు.

1946 మార్చిలో హీరాకుడ్‌కు మొదటి శంకుస్థాపన జరిగింది. ఆ జూన్‌లో అంబేద్కర్ మండలి నుంచి బయటికి వచ్చారు.

కట్టినవెన్ని, మునిగినదెవరు

దామోదర్ వ్యాలీ కార్పొరేషన్ చట్టం 1948లో వచ్చింది. ఎనిమిది ఆనకట్టల్లో నాలుగే కట్టారు: తిలయ్యా, కోనార్, మైథాన్, పంచేత్. మైథాన్, పంచేత్ జలాశయాలను పూర్తి మట్టం దాకా నింపడానికి కావలసిన భూమి కూడా సేకరించలేదు. దాంతో వరదను పట్టి ఉంచే సామర్థ్యం అనుకున్న దానికంటే బాగా తగ్గింది. 1978 సెప్టెంబర్‌లో 7 లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. 1913 రికార్డు బద్దలైంది. 10 లక్షలకు ప్రణాళిక వేయడం అతి జాగ్రత్త కాదని అప్పుడు తెలిసింది. ఆనకట్టలు ఆ వరదలో చాలా భాగం పట్టి ఉంచాయి, అయినా దిగువ బెంగాల్ మునిగింది.

ఇక్కడ అంబేద్కర్‌ను పొగిడి ఊరుకుంటే సరిపోదు. ఆయన నమ్మిన భారీ ఆనకట్టల కింద సంతాల్ ఆదివాసుల, దళితుల ఊళ్లు మునిగాయి. దామోదర్‌లో, హీరాకుడ్‌లో నిర్వాసితులైన వేలాది కుటుంబాలకు న్యాయం అందలేదు. ఆ కాలపు ప్రణాళికల్లో విద్యుత్తుకు, సాగునీటికి ఇచ్చినంత చోటు మునిగే ఊరి మనుషులకు దక్కలేదు. దీన్ని మనం దాచాల్సిన పని లేదు. ఆయన దగ్గర నేర్చుకున్న ప్రశ్ననే ఆయన ప్రాజెక్టుల మీదా వేయాలి.

అలాగే నీళ్లొస్తే చాలు, అందరికీ అందుతాయని ఆయన అనుకోలేదన్నదీ గుర్తుంచుకోవాలి. 1947లో ‘స్టేట్స్ అండ్ మైనారిటీస్’లో వ్యవసాయాన్ని ప్రభుత్వ పరిశ్రమగా మార్చాలని, భూమిని కులభేదం లేకుండా గ్రామస్తులకు కౌలుకిచ్చి సమష్టిగా సాగు చేయించాలని ప్రతిపాదించారు. భూమి లేనివాడి దగ్గరికి కాలువ రాదని ఆయనకు తెలుసు. ఆనకట్టలు కట్టారు గానీ, ఆ రెండో సగం పక్కన పెట్టేశారు.

చెట్టులో, గుహలో రాసి ఉన్న రికార్డు

అంబేద్కర్ కాలంలో పొడవైన రికార్డు అంటే అరవై, డెబ్బై ఏళ్ల వానమాపకాల లెక్క. భారత వాతావరణ శాఖ ఏర్పడిందే 1875లో. ఈ రోజు మనం అంతకంటే చాలా వెనక్కి చూడగలం.

చెట్టు ఏటా ఒక వలయం వేస్తుంది. తేమ బాగున్న ఏడు మందంగా, కరువు ఏడు సన్నగా. ఆసియాలో 300కు పైగా చోట్ల సేకరించిన చెట్ల వలయాలతో 2010లో రుతుపవన ఆసియా కరువు అట్లాసు తయారైంది. అది ఏడు వందల ఏళ్ల కరువులను ఏడాదివారీగా చూపిస్తుంది. గుహల్లో నీటిచుక్కల వల్ల పొరలు పొరలుగా పెరిగే సున్నపు స్తంభాలు కూడా అలాంటి రికార్డే. బస్తర్‌లో జగదల్‌పూర్ దగ్గరి దండక్ గుహలోని స్తంభం రుతుపవనాల 900 ఏళ్ల కథ చెప్పింది. 14, 15 శతాబ్దాల్లో రుతుపవనాలు దశాబ్దాల తరబడి బలహీనపడ్డాయని అందులో తేలింది. వానమాపకాలు వచ్చాక మనం అంత పొడవైన ఎద్దడి చూడలేదు. దక్కన్ జనం దుర్గాదేవి కరువు అని తరతరాలుగా చెప్పుకున్నది ఆ కాలానిదే. నర్మద లోయలో పాత వరదలు వదిలిన ఒండ్రు పొరలు వందల ఏళ్ల కిందటి పెద్ద వరదల గుర్తులు దాచుకున్నాయి.

వీటితో నీటి నమూనాలో ఏం చేస్తారు? కంప్యూటర్‌లో ఒక నదీ లోయను కడతాం. వాన, నేల తేమ, ఆవిరి, జలాశయం సామర్థ్యం, కాలువల అవసరాలు అన్నీ పెడతాం. గత 50 ఏళ్ల వానలు ఎక్కిస్తే ఆ జలాశయం ఎన్నిసార్లు ఎండుతుందో, ఎన్నిసార్లు పొర్లుతుందో తెలుస్తుంది. వలయాలు, గుహలు చెప్పిన పాత కరువును కూడా ఎక్కిస్తే, ఇప్పటి నియమాలతో అదే జలాశయం తట్టుకుంటుందో లేదో చూడవచ్చు. ఇవి కచ్చితమైన కొలతలు కావు, పొరపాట్ల అంచులుంటాయి. వాతావరణం వేడెక్కుతున్నప్పుడు గతం ఉన్నది ఉన్నట్టు తిరిగి రాదు కూడా. కానీ ప్రకృతి ఎంత దూరం వెళ్లగలదో చూపిస్తాయి.

చిన్న రికార్డును నమ్మితే ఏమవుతుందో అమెరికాలో కొలరాడో నది చెబుతుంది. 1922లో రాష్ట్రాలు ఆ నీటిని పంచుకున్నప్పుడు ముందరి కొన్నేళ్ల కొలతలనే లెక్కలోకి తీసుకున్నాయి. ఆ ఏళ్లు శతాబ్దాల్లోకెల్లా అత్యంత తడి సంవత్సరాల్లో ఉన్నాయని 1976లో చెట్ల వలయాలు బయటపెట్టాయి. నదిలో లేని నీటిని కాగితం మీద పంచేశారు. ఆ నది ఒడ్డున వేల ఏళ్లుగా ఉంటున్న ఆదివాసీ జాతులను ఆ ఒప్పందానికి పిలవనే లేదు. ఎవరి రికార్డు తీసుకోలేదో వాళ్లకే వాటా దక్కలేదు.

కృష్ణా దగ్గరికి వద్దాం

మన దగ్గర కూడా నీళ్ల వాటాల వెనుక సంవత్సరాల లెక్కే ఉంది. 1949లో రాజ్యాంగ సభలో అంతర్రాష్ట్ర నదీ వివాదాలకు సంబంధించిన నిబంధనను ప్రవేశపెట్టింది అంబేద్కరే. అదే ఇప్పటి 262వ అధికరణం. దాని కింద 1956లో వచ్చిన చట్టంతోనే కృష్ణా ట్రిబ్యునళ్లు ఏర్పడ్డాయి. బచావత్ ట్రిబ్యునల్ 1894-95 నుంచి 1971-72 దాకా 78 ఏళ్ల ప్రవాహాలు చూసి, నూటికి 75 ఏళ్లు ఖాయంగా దొరికే నీరు 2060 టీఎంసీలని తేల్చింది. బ్రిజేష్ కుమార్ ట్రిబ్యునల్ 1961-62 నుంచి 2007-08 దాకా 47 ఏళ్లే తీసుకుంది. అదే 75 శాతం లెక్కలో 2173 టీఎంసీలు వచ్చాయి. పాత ఏళ్లు కూడా కలపాలని ఆంధ్రప్రదేశ్ వాదించింది. పాత కొలతల నాణ్యత మీద చర్చ ఉంది, ఉండాల్సిందే. కానీ ఏ ఏడాది నుంచి లెక్క మొదలుపెడతాం అన్నదాన్ని బట్టి 113 టీఎంసీలు అటూ ఇటూ అవుతాయని తెలుగు పాఠకులు గమనించాలి. కాగితం మీద పెరిగిన ఆ నీరు నదిలో రాని ఏడు ముందు ఎండేది కాలువ చివరి పొలం. కౌలుకు చేసే దళిత రైతు, నాట్లకు వెళ్లే కూలీ ముందు పని కోల్పోతారు.

వరద వైపు నుంచీ ఇదే పాఠం. 19 లక్షల క్యూసెక్కుల వరదను దృష్టిలో పెట్టుకుని కట్టిన శ్రీశైలానికి 2009 అక్టోబర్‌లో 25 లక్షల క్యూసెక్కులకు పైగా వచ్చింది. ఆనకట్ట నిలబడింది. కర్నూలు మునిగింది. మన ఊళ్లలో వాడలు ఎక్కడ ఉంటాయో వేరే చెప్పక్కర్లేదు: పల్లంలో, వాగు పక్కన, చెరువు అలుగు కింద.

అందుకే ఒక ప్రాజెక్టు నివేదిక చేతికొచ్చినప్పుడు ఉద్యమకారులు, విద్యార్థులు ముందు అడగాల్సింది ఇది: ఏ సంవత్సరం నుంచి ఏ సంవత్సరం దాకా లెక్క తీశారు? అంతకు ముందరి కరువులు, వరదలు ఎందుకు వదిలేశారు? మునిగే చోట ఎవరున్నారు, ఎండే చోట ఎవరున్నారు? ఇంకో పని మన చేతుల్లోనే ఉంది. ఏ ఏడు వాడలో బావి ఎండింది, ఏ ఏడు వరద గుడిసె గోడ మీద ఎంత ఎత్తుకొచ్చింది, ఏ ఏడు ఊరంతా వలస పోయింది అన్నవి మన ముసలివాళ్లకు తెలుసు. తేదీలతో, గోడ మీద గీతలతో, ఫొటోలతో రాసి పెట్టుకుంటే అవీ రికార్డులే. వాటిని ఇంజినీర్ల ముందు, కోర్టుల ముందు పెట్టవచ్చు.

అంబేద్కర్ 1956 డిసెంబర్ 6న కన్నుమూశారు. అప్పటికి దామోదర్ ప్రాజెక్టులో తిలయ్యా, కోనార్ పూర్తయ్యాయి, మైథాన్, పంచేత్ ఇంకా కాలేదు. ఆయన పోయిన ఐదు వారాలకు, 1957 జనవరి 13న హీరాకుడ్‌ను ప్రారంభించారు. గోరేగావ్ దారిలో గుక్కెడు నీళ్లు దొరకని పిల్లవాడి సంతకం ఆ ప్రాజెక్టుల తొలి ఫైళ్లలో ఉంది. నీటిపారుదల చదివే విద్యార్థులు ఆ ఫైళ్లను ఒకసారి తెరవాలి. ఆయన అంకెలు సరిగ్గా ఉన్నాయా, ఆ అంకెల్లో ఎవరు లేరు అన్న రెండు ప్రశ్నలతోనూ చదవాలి.